అట్ట మీద లేని కవి

2024 మార్చి నెలంతా చెన్నై సంగీతం మన పత్రికల్లో మోగింది. మ్యూజిక్ అకాడమీ గాయకుడు టి.ఎం. కృష్ణకు సంగీత కళానిధి పురస్కారం ప్రకటించడం, గాయనులు రంజని-గాయత్రి సోదరీమణులు అకాడమీ సభకు రామని తప్పుకోవడం, త్యాగరాజస్వామికి అవమానం జరిగిందో లేదో తేల్చడానికి తెలుగువాళ్లంతా నడుం కట్టడం! మాకూ వ్యాసాలొచ్చాయి, కట్టలుగా. అదే నెలలో, అదే ఊళ్లో, సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ ఒక వీడియోలో బయటపెట్టిన సంగతి మీద మాత్రం ఒక్క ఉత్తరం ముక్క రాలేదు. తమిళ పాట ‘ఎంజాయ్ ఎంజామీ’ వచ్చి మూడేళ్లయినా దాని మీద తనకూ, గాయని ధీకీ, రాసి పాడిన ర్యాపర్ అరివుకీ పైసా రాబడి లేదని ఆయన చెప్పాడు. యూట్యూబ్‌లోనే 40 కోట్ల వీక్షణలు దాటిన పాట అది. విడుదల చేసిన మాజ్జా సంస్థ వాదన వేరు. ఆ లెక్కలు వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. మా బాధ పేరు గురించి. డబ్బు ముగ్గురికీ అందలేదు సరే, పేరు మాత్రం ప్రతిసారీ ఒక్కడికే ఎందుకు తప్పిపోతోంది?

అరివుది అరక్కోణం. ఇంజనీరింగ్ చదువుకున్నాడు. 2018 జనవరి 6న చెన్నై కిల్పాక్‌లో ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ తొలి కచేరీ చేసినప్పుడు ఆ గుంపులో ర్యాపర్‌గా నిలబడ్డాడు. దర్శకుడు పా. రంజిత్ నడిపే నీలం కల్చరల్ సెంటర్, సంగీతకారుడు టెన్మా కలిసి కూర్చిన బృందమది. దళిత చింతనాపరుడు అయోతీదాస పండితర్ వందేళ్ల కిందట అన్న ‘కులం లేని తమిళులు’ అనే మాట నుంచి పేరు తీసుకున్నారు. ఉత్తర మద్రాసు చావిళ్ల ముందు పాడే గానా, పరై డప్పు, గిటారు, ర్యాప్ ఒకే వేదిక ఎక్కాయి. అందరికీ ఒకే తీరు బూడిదరంగు సూట్లు. ఊరి కూడలిలో అంబేడ్కర్ విగ్రహాన్ని చూసినవాళ్లకు సూటెందుకో వివరించనక్కర్లేదు. బట్టలు ఒకటే అయినా గొంతులు కలిపేసుకోలేదు వాళ్లు. గానా పాడిన ఇసైవాణి ఇసైవాణిగానే ఎదిగి 2020లో బీబీసీ వందమంది మహిళల జాబితాకెక్కింది. అరివు 2019లో సంగీత నిర్మాత ఆఫ్రోతో కలిసి ‘తెరుక్కురళ్’ ఆల్బమ్ తెచ్చాడు. సమష్టి అంటే అది.

ఇక ‘ఎంజాయ్ ఎంజామీ’. అందులో ఉన్నది అతని అవ్వ వల్లియమ్మాళ్ బతుకు. శ్రీలంక తేయాకు తోటల్లో ఒళ్లు హూనం చేసుకుని, చివరికి ఉత్త చేతులతో తిరిగొచ్చిన మనిషి ఆమె. 1964 శాస్త్రి-సిరిమావో ఒప్పందం 5,25,000 మంది తోట కూలీలను ఇండియా ఖాతాలో రాసింది, వాళ్లనడక్కుండానే. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లుండే విశాఖ బర్మా క్యాంపులో పుట్టి పెరిగినవాళ్లెవరికైనా ఈ కథ తెలుసు, దేశం పేరొక్కటే మారుతుంది.

పాట 2021 మార్చి 7న వచ్చింది. ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ఈ పాటనూ, ‘సార్పట్ట పరంబరై’ సినిమాలోని ‘నీయే ఒళి’నీ చూపించి కవర్ వేసింది. అట్ట మీద ధీ, ర్యాపర్ షాన్ విన్సెంట్ డి పాల్. రెండు పాటలూ రాసినవాడు లేడు. రంజిత్ నిలదీశాక, గొడవయ్యాక, అతనికి విడిగా ఒక డిజిటల్ కవర్ వేశారు. బంతి భోజనం అయ్యాక పిలిచి విస్తరేసినట్టు. 2022 జూలై 28న చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో అదే పాట అతను లేకుండా మోగింది. అప్పుడతను అమెరికాలో ఉన్నాడన్నది సంతోష్ ఇచ్చిన వివరణ. అది నిజమే కావచ్చు. ఆ పాట కట్టిందీ రాసిందీ పాడిందీ తానేనని, నిద్రలేని రాత్రుల ఫలమని అరివు నోరు విప్పగానే, ఇది అందరి శ్రమ అన్న జవాబు వచ్చింది.

మేం పట్టుకున్నది అక్కడే. అట్ట మీద బొమ్మ వేసేటప్పుడు, టైమ్స్ స్క్వేర్‌లో ఈ పాటకు హోర్డింగ్ కట్టేటప్పుడు ‘అందరూ’ గుర్తుకురారు. కింది నుంచి వచ్చినవాడు నా పేరేదని అడిగిన క్షణాన మాత్రం పాట ఉన్నట్టుండి జానపదమైపోతుంది, తరతరాల సొత్తైపోతుంది, కర్త లేనిదైపోతుంది. ఎంత చక్కని ఏర్పాటు! ఇందులో మనమేం తక్కువ తినలేదు. మన పాటల సంపుటాల్లో సేకరించిన పండితుడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. పాడిన మనిషి ‘ఒక వృద్ధురాలు’గా ముందుమాటలో ఏ మూలనో మిగులుతుంది. ‘ఎంజాయ్ ఎంజామీ’కి కొద్ది రోజుల ముందే వచ్చిన సినిమా పాట ‘సారంగదరియా’ సంగతి మరిచారా? దాన్ని అంతకుముందే టీవీలో పాడిన కోమలి గొడవ పడితే గానీ ఆమె పేరు ఎవరి నోటా రాలేదు. అప్పుడు కూడా పెద్దమనుషులు ఇచ్చిన తీర్పు ఇదే: జానపదం ఎవరి సొత్తూ కాదమ్మా! ఎవరి సొత్తూ కానప్పుడు సినిమా కంపెనీ సొత్తెలా అయిందో ఆ పెద్దమనుషులే చెప్పాలి.

సంగీత దర్శకుడి పనేమీ తక్కువది కాదు, ఒప్పుకుంటాం. కానీ ర్యాప్‌లో మాటే లయ. మాట విరుపులోనే తాళం ఉంటుంది. రాసినవాణ్ణి తీసేస్తే మిగిలేది డ్రమ్ము చప్పుడు. గోరటి వెంకన్నకు 2021 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చేదాకా పాటను కవిత్వం అనడానికి నీళ్లు నమిలిన మన విమర్శకులకు ఇది చెప్పడం దండగేమో.

అరివు తన తర్వాతి ఆల్బమ్‌కు ‘వల్లియమ్మ పేరాండి’ అని పేరు పెట్టుకున్నాడు, వల్లియమ్మ మనవడు అని. ఇక ఎవరు మరచిపోయినా అట్ట మీద ఇద్దరి ఆనవాలూ ఉంటుంది.

ఉగాది కవిసమ్మేళనాల ఆహ్వానపత్రాలు మా బల్ల మీద ఉన్నాయి. ఎప్పుడూ ఉండే పేర్లే, ఎప్పుడూ ఉండే వరసలోనే. తెలుగులో ర్యాప్ రాసి పాడుకునే పిల్లల్లో ఒక్కరికైనా పిలుపు లేదు. వచ్చే సంచిక నుంచి మా కవిత్వం పేజీల్లో ర్యాప్ కూడా వేస్తాం, రాసినవాళ్ల పేరు పైనే పెట్టి. పారితోషికం కవితకు ఎంతో దీనికీ అంతే. అదెంతో మన కవులకు తెలుసు కాబట్టి ఎవరూ అసూయపడనక్కర్లేదు.