వెనక్కి వచ్చే దారేదీ?

మా ఇంట్లో ఒక తీర్పు ఎప్పుడో అయిపోయింది: "అమ్మకి ఫోను రాదు." జడ్జీ మా అబ్బాయి, సాక్షి మావారు. ఇక అప్పీలు మీకే చేసుకోవాలి.

మొన్న పెళ్ళికి వెళ్ళడానికి ఆప్‌లో బస్సు టిక్కెట్లు తీసుకుంటున్నాను. ఆరుగురం. అత్తగారి వయసుతో సహా అన్నీ ఓపిగ్గా కొట్టాను. ఎక్కే స్టాపు సరిగా పడిందో లేదో చూద్దామని వెనక్కి బాణం నొక్కాను. అంతే! మొట్టమొదటి పేజీ వచ్చి కూర్చుంది. ఆరుగురూ మాయం. మళ్ళీ కొట్టేసరికి కిటికీ సీట్లు ఎవరో తన్నుకుపోయారు.

"నిన్నెవరు నొక్కమన్నారు?" అన్నాడు సుపుత్రుడు.

ఎవరేమిటి, బాణం గీసిపెట్టినవాడే నొక్కమన్నాడు!

ఈ విద్యేమిటో చెప్పమని వాణ్ణే పట్టుకున్నాను. తీరా చూస్తే మన వంటింటి సంగతే. ఒక తెర మీద ఇంకో తెర కంచాల దొంతరలా పేరుస్తారట. వెనక్కి నొక్కితే పైకంచం ఒక్కటే తీయాలి. వచ్చిన దారినే ఒక్కొక్క తెరా తిరిగి రావాలన్నది ఆండ్రాయిడ్ వాళ్ళు రాసుకున్న నియమమే. మరి ఒక్క కంచం అడిగితే దొంతరంతా పడేసినవాడిది తప్పా, అడిగిన నాదా?

పైగా ఆ దారయినా ఒకచోట ఉంటుందా? 2019లో ఆండ్రాయిడ్ 10తో, అడుగు బటను అక్కర్లేకుండా తెర అంచునుంచి వేలితో జరపడం తెచ్చారు. ఐఫోనులో అడుగున వెనక్కి బటనే ఉండదు. ఎడమ పైమూల బాణం వెతుక్కోవాలి. 2022లో ఆండ్రాయిడ్ 13 వచ్చాక, వెనక్కి వెళితే ఏం వస్తుందో ముందే తొంగి చూపించే ఏర్పాటు మొదలెట్టారు. అంటే ఎక్కడ తేలతామో తెలియక బెదిరేది నేనొక్కదాన్నే కాదని చేసినవాళ్ళే ఒప్పుకున్నట్టేగా!

"అలవాటైతే అదే వస్తుంది" అంటారు. పక్కింటి పిన్నిగారికి అలవాటే. ఓసారి కరెంటు బిల్లు కట్టి వెనక్కి నొక్కితే మళ్ళీ "కట్టండి" అనే పేజీయే వచ్చింది. కట్టినట్టో కాదో తెలియక రెండోసారి కట్టేశారు. అప్పట్నించి కొడుకు ఆఫీసునుంచి వచ్చేదాకా కాచుకుంటారు. పింఛను ఆవిడది, ఫోను ఆవిడది. ధైర్యం మాత్రం పోయింది. దానికి వెల కట్టేదెవరు?

మనం అడిగేది గొంతెమ్మ కోరికేం కాదు. వెనక్కి నొక్కితే వచ్చినచోటికే చేర్చాలి. రాసింది చెరిపేముందు ఓ మాట అడగాలి. డబ్బు కట్టేశాక ఆ పేజీ మళ్ళీ మొహం చూపించకూడదు. ఈ మూడూ చేసేదాకా "నాకు రాదు" అనడం మానేద్దాం. "వాళ్ళకి చెయ్యడం రాలేదు" అందాం.

గుమ్మం పొట్టిగా పెట్టిన మేస్త్రీని వదిలేసి, తల బొప్పి కట్టిన ఇల్లాలిని తిట్టే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా?

మాది ఉంది లెండి!