ఆ నిరీక్షణ వృథా కాదు

సంపాదకులకు,

గత సంచికలో విదేశీ దత్తతపై వచ్చిన వ్యాసం చదివాను. బిడ్డ చేతికొచ్చాక తల్లిదండ్రులు కాగితాల కోసం ఇక్కడే ఉండిపోవడం వృథా అనీ, ఆ పని ఏజెంట్లకు అప్పగిస్తే సరిపోతుందనీ వ్యాసకర్త అన్నారు. నేను ఒప్పుకోను.

మేం అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లం. దత్తత పూర్తయ్యేదాకా హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. పాప ఫాస్టర్ కేర్ కింద మా దగ్గరే ఉంది. మావారు రాత్రంతా అమెరికా వేళల్లో ఉద్యోగం చేసి పగలు పడుకుంటారు. పెద్దమ్మాయికి ఆన్‌లైన్ బడి. పాపకు శిశుగృహంలో అలవాటైన వేళకే పప్పన్నం పెట్టాలి. లైటు తీస్తే నిద్రపోదు. మొదట్లో ఎవరెత్తుకున్నా ఏడ్చేది కాదు, అదే మాకు దిగులు. ఇప్పుడు నేను వంటింట్లోకి వెళ్తే వెతుక్కుంటూ వస్తోంది. ఈ చేరువను ఏ ఏజెంటు తెచ్చిపెడతాడు?

విదేశీ దత్తతలపై భారత్ 2003లో ఆమోదించిన హేగ్ ఒప్పందంలోని నిబంధనలు పిల్లల అమ్మకాలను అడ్డుకోవడానికే. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టులకు బదులు జిల్లా మేజిస్ట్రేట్లు ఇస్తున్నారు. ఆ తర్వాత కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ ధ్రువపత్రం, పాస్‌పోర్టు, ఢిల్లీలో వీసా. ఈ అంచెలేవీ తీసేయనక్కర్లేదు. ఫైలు ఎక్కడుందో చెప్పేవారు లేకపోవడమే అసలు బాధ. సెలవు ఎన్నాళ్లు పెట్టాలో, ఇల్లు ఎప్పటిదాకా అద్దెకు తీసుకోవాలో తెలియదు.

ప్రతి అంచెకూ గడువు రాసిచ్చి, దాన్ని పాటించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక తల్లి, హైదరాబాద్