డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు: మన పక్షపు బాకీ

కాంగ్రెసు గుడారమునకు వెలుపలనుండి జరిగిన దేశసేవను గూర్చి వ్రాయుట మావంటి జాతీయపత్రికలకు కొంచెము కష్టమే. అయినను డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి విషయమున నిజము చెప్పక తప్పదు.

1886లో పుదుక్కోట సంస్థానమున జన్మించిన వీరి తల్లి దేవదాసీ కులమునకు చెందినది. బాలుర కళాశాలలో ఆడపిల్ల చేరుట తగదని కొందఱు అభ్యంతరము చెప్పగా, సంస్థానాధీశుని యనుజ్ఞతో చదివి, 1912లో చెన్నపట్టణమున వైద్యపట్టమును బడసిరి. 1927లో శాసనసభ ప్రవేశింపగనే సభ్యులు వీరిని ఏకగ్రీవముగా ఉపాధ్యక్షపదవికి ఎన్నుకొనిరి. వీరు ప్రజలు పంపిన సభ్యురాలు గారు, ప్రభుత్వము నియమించిన సభ్యురాలు. సైమను సంఘమునకు అనుబంధమైన హార్టాగు విద్యాసంఘమున వీరు చేరుట నేటికిని మాకు సమ్మతము కాదు. 1928లో ప్రకాశము పంతులుగారు తుపాకుల కెదురుగా ఱొమ్ము చూపినది ఆ చెన్నపట్టణమునందే కదా!

కాని దేవాలయములకు కన్యలను సమర్పించు దురాచారమును మాన్పవలెనని 1927 నవంబరులో తీర్మానము తెచ్చినదెవరు? ఆ నియమిత సభ్యురాలే. ఆలయ సంప్రదాయమును, కళలను అడ్డుపెట్టి ఆ యుద్యమము నెదిర్చినదెవరు? మన సత్యమూర్తిగారు. స్వరాజ్యమునకై అంతటి వాక్పటిమను ధారపోసిన మహనీయుడు ఈ పసిపిల్లల పక్షమున ఒక్కమాట యాడజాలకపోయెను. ఇది వ్రాయుటకు మాకు సిగ్గుగానే యున్నది.

వీరి బుద్ధిసూక్ష్మత 1929 నాటి శాసనమున కనబడును. దేవదాసీలకు ఆలయసేవ షరతుపై ఇనాము భూములుండెడివి. సేవ మానినచో భూమి పోవును. భూమి పోయినచో కూడు పోవును. కావున తల్లి తన బిడ్డను కూడ గుడికే ముడిపెట్టుచుండెను. ఉపన్యాసములచే ఈ ముడి వీడదని గ్రహించి, సేవతో నిమిత్తము లేకుండ భూమి ఆమెకే దక్కునట్లు హిందూ దేవాదాయ శాసనమును సవరింపజేసిరి. మొదట జీవనాధారము, పిమ్మట నిషేధము: ఆ క్రమమునందే వీరి రాజనీతి యంతయు నున్నది.

ఒక లోపమును కూడ చెప్పవలెను. దేవదాసీల సంఘమువారు తమను దుర్నడతగల వారినిగా చిత్రించుటకు నొచ్చుకొని విజ్ఞప్తులు పంపుకొనిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారి వంటి విదుషీమణి ఎదిరించినప్పుడు ఆ మాటకు తగిన చెవి యీయబడలేదని మా తలంపు. మఱియొక వంక, ఆ కులమునందే పుట్టిన యామినీ పూర్ణతిలకమ్మగారు సంస్కరణమునకై ఊరూర ప్రచారము చేసిరి. ఒకే యింటివారిలోనే రెండభిప్రాయములుండెనన్నమాట.

1930లో గాంధీమహాత్ముని బంధింపగనే ముత్తులక్ష్మీరెడ్డిగారు శాసనసభ్యత్వమును త్యజించిరి. నిషేధ శాసనము చేతికందునట్లున్న తరుణమున పదవిని విడుచుట సామాన్యత్యాగమా? అంతకుముందు వారిని ప్రభుత్వపక్షపాతి యని ఎగతాళిచేసినవారు అప్పుడైనను నాలుక కఱచుకొనిరో లేదో! ఆ ప్రాంతముననే ఆశ్రయముగోరి వచ్చిన దేవదాసీ బాలికలకు వసతిగృహములు చోటీయకపోగా, తమ యింటనే నిలుపుకొనిరి. అవ్వై ఇల్లు అట్లు మొలకెత్తినది. తోబుట్టువును పుట్టకుఱుపుచే పోగొట్టుకొన్న దుఃఖము 1954లో అడయారు క్యాన్సరు వైద్యాలయముగా ఫలించెను. 1968లో వీరు దివంగతులైరి.

నిషేధ శాసనము మాత్రము 1947వఱకు వేచియుండెను. అది చెన్నపురి రాజధానికి చెందిన ఆంధ్రజిల్లాలకు వర్తించెనే గాని నైజాము రాష్ట్రమునకు వర్తింపలేదు. తెలంగాణపు పల్లెలలో దళితబాలికలను జోగినులుగా విడుచు ఆచారము సాగుచునే యుండుటచే, 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మఱియొక శాసనమును చేయవలసివచ్చెను. దాని యమలును గూర్చి అధికారులను ప్రశ్నించువారు, కేసులెన్ని పెట్టితిరని యడుగుటకు ముందు, విడిపించిన జోగినులలో ఎందఱి పేర పట్టాభూమి యిచ్చితిరని యడుగవలెను.