నర్సు చదివిన బిడ్డ ఏ దేశానికి వెళ్లాలి?

నారాయణఖేడ్ ప్రాంతానికి వలస కొత్త కాదు. దసరా వెళ్లగానే తండాలు చెరుకు కోతకు కదులుతాయి. మన మొహల్లాల యువకులు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా సౌదీ, దుబాయి దారులు పట్టడం మేము ఉద్యోగంలో చేరిన నాటి నుంచి చూస్తున్నదే. కొత్తగా చూస్తున్నది మరొకటి. బీదర్‌లోనో, హైదరాబాదులోనో నర్సింగ్ పూర్తి చేసిన మన ఆడబిడ్డలు పాస్‌పోర్టు దరఖాస్తులతో మా వాకిట నిలబడుతున్నారు.

గత రంజానులో ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చాడు. జి.ఎన్.ఎం. చదివి, రెండేళ్లు ఆసుపత్రిలో పనిచేసిన అమ్మాయి. "సాబ్, సౌదీయా మంచిదా, జర్మనీయా? ఏజెంటు మూడు లక్షలు అడుగుతున్నాడు" అన్నాడాయన. మేము బిడ్డ వైపు తిరిగి "నీ అభిప్రాయమేమిటి బేటీ?" అని అడిగాము. "నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు చాచా" అన్నది. ఆ మాటే ఈ వ్యాసానికి కారణం.

మన కుటుంబాలు సాధారణంగా సౌదీ వైపే మొగ్గుతాయి. అందుకు అర్థం ఉన్నది. ఉమ్రా దగ్గర, హలాల్ భోజనం, బంధువులలో ఎవరో ఒకరు అక్కడ ఉంటారు. జీతంపై ఆదాయపు పన్ను లేదు. డేటాఫ్లో ద్వారా ధ్రువపత్రాల పరిశీలన, ప్రోమెట్రిక్ పరీక్ష పూర్తయితే దారి తెరుచుకుంటుంది. అయితే అక్కడ ఇరవై ఏళ్లు సేవ చేసినా ఆ దేశం సాధారణంగా మనది కాదు; ఉద్యోగం పోయిన నాడు నివాసపు హక్కూ పోతుంది. 2021లో సౌదీ ప్రభుత్వం కొన్ని షరతులతో యజమానిని మార్చుకొనే వీలు కల్పించింది గానీ, కఫాలా నీడ పూర్తిగా తొలగిందని మేము అనుకోము. నాలుగైదేళ్లు సంపాదించి తిరిగి వచ్చి ఇల్లు కట్టుకోవాలన్న లక్ష్యం ఉన్నవారికి అది తగిన చోటే. బిడ్డల చదువు, స్థిరనివాసం కోరేవారికి కాదు.

జర్మనీ మాట వేరు. అక్కడ నర్సుల కొరత తీవ్రం. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి పంపుతున్నది. కానీ భాషలో బి2 స్థాయి దాటి, అక్కడి అధికారులు మన చదువును గుర్తించేవరకు పూర్తి నర్సు హోదా రాదు. ఉర్దూ, తెలుగు మాధ్యమాలలో చదివి, ఇంగ్లీషుతోనే కుస్తీ పట్టిన బిడ్డకు ఇది చిన్న మెట్టు కాదు. అయినా ఏడాది ఓపిక పట్టగలిగితే ఎక్కగలిగిన మెట్టే.

హిజాబ్ సంగతి దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. జర్మనీలో అనేక ఆసుపత్రులు చర్చి సంస్థల ఆధ్వర్యంలో నడుస్తాయి. బోఖుమ్‌లోని ఒక ప్రొటెస్టెంటు ఆసుపత్రి నర్సు వ్యాజ్యంలో, చర్చి సంస్థలు తమ సిబ్బందిని తలగుడ్డ లేకుండా పనిచేయమని కోరవచ్చునని అక్కడి ఫెడరల్ కార్మిక న్యాయస్థానం 2014లో తీర్పు చెప్పింది. కనుక ఒప్పందంపై సంతకం చేయకముందే ఆసుపత్రి ఎవరిదో, దుస్తుల నిబంధన ఏమిటో రాతపూర్వకంగా అడగాలి. ఫ్రాన్సు ప్రభుత్వ ఆసుపత్రులలోనైతే ఉద్యోగినికి హిజాబ్ అనుమతి లేదు. బ్రిటన్‌లో హిజాబ్‌తో పనిచేసే నర్సులు ఎందరో ఉన్నారు. మోచేతుల కింద బట్ట ఉండరాదన్న నియమం కొందరిని ఇబ్బంది పెట్టగా, ఒకసారి వాడి పారవేసే చేతి తొడుగులను 2010 నాటి మార్గదర్శకాలు అనుమతించాయి.

ఆ బ్రిటన్‌కు ఐ.ఇ.ఎల్.టి.ఎస్. లేదా ఓ.ఇ.టి., ఆ తర్వాత కంప్యూటర్ పరీక్ష, అక్కడికి వెళ్లాక ఓస్కీ అనే ప్రయోగ పరీక్ష. ఐదేళ్లకు దక్కుతున్న స్థిరనివాసాన్ని పదేళ్లకు పెంచే ప్రతిపాదనను 2025లో అక్కడి ప్రభుత్వం తెచ్చింది. అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్ష హైదరాబాదులోనే రాయవచ్చు. గ్రీన్‌కార్డు వరుస మాత్రం భారతదేశంలో పుట్టినవారికి పదేళ్లు దాటింది.

దేశం కంటే ముందు చూడవలసినది ఉద్యోగం పేరు. నర్సు వీసా అని చెప్పి సంరక్షకురాలి ఉద్యోగానికి పంపడం ఎక్కువైంది. వృద్ధులకు సేవ చేయడం తక్కువ పని అని మేము అనము. కానీ రిజిస్టర్డ్ నర్సు ఆ ఒప్పందంతో వెళితే, ఏళ్లు గడిచేకొద్దీ ఆమె నైపుణ్యం, హోదా రెండూ తరిగిపోతాయి. బ్రిటన్ 2024లో సంరక్షకులు తమ కుటుంబాన్ని వెంట తెచ్చుకోకుండా నిషేధించింది. నర్సులకు ఆ నిషేధం వర్తించలేదు. ఒక్క పదం తేడాతో భర్త, పిల్లలు ఇక్కడ ఉండిపోతారు.

ఏజెంటు అడిగిన మూడు లక్షల సంగతి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. 2015లో కువైట్ నియామకాలలో 19,500 తీసుకోవలసిన చోట ఒక్కో నర్సు నుంచి 19 లక్షల 50 వేలు వసూలు చేశారని కొచ్చిలో సీబీఐ కేసు పెట్టింది. అదే ఏడాది కేంద్రం గల్ఫ్ సహా 18 దేశాలకు వెళ్లే నర్సులకు, పట్టభద్రులైనా సరే, ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి చేసింది. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో ఉన్నదో లేదో చూడడానికి పది నిమిషాలు చాలు. విజిట్ వీసాపై పంపుతానన్నవాడిని గడప దాటనివ్వకండి.

ఇక మేము గుమాస్తాగా బ్రతుకంతా చూసినది పేర్ల గొడవ. ఆ అమ్మాయి పదో తరగతి మెమోలో 'సుల్తానా', ఆధార్‌లో 'బేగం', నర్సింగ్ కౌన్సిల్ పత్రంలో రెండూ లేవు. తండ్రి పేరు మూడు చోట్ల మూడు స్పెల్లింగులు. బడిలో చేర్చుకున్న నాడు ఉపాధ్యాయుడు విన్నట్టు రాసుకున్నాడు, మనమూ పట్టించుకోలేదు. ఊళ్లో నడిచిపోయే ఈ తేడాకు విదేశీ పరిశీలనలో దరఖాస్తు నెలల తరబడి ఆగిపోతుంది. బిడ్డ నర్సింగులో చేరిన నాడే పత్రాలన్నీ పదో తరగతి మెమోతో సరిపోల్చండి. మెమోలోనే తప్పుంటే ముందు దానిని దిద్దించండి. బీదర్‌లో చదివిన వారి రిజిస్ట్రేషన్ కర్ణాటక కౌన్సిల్‌లో ఉంటుంది, అక్కడి పత్రాలకు అక్కడికే వెళ్లాలి.

ప్రభుత్వాన్ని అడగవలసినదీ ఉన్నది. మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం కింద పీజీ చదువుకు 20 లక్షల వరకు ఇస్తున్నారు, సంతోషం. నర్సు బిడ్డకు కావలసింది అందులో పదో వంతు కూడా కాదు. భాషా శిక్షణకు, పరీక్ష రుసుముకు. ఆమెకు ఆ పథకంలో చోటు లేదు. మైనారిటీ సంక్షేమ శాఖ, టామ్‌కామ్ కలిసి సంగారెడ్డిలో ఒక శిక్షణ కేంద్రం తెరిస్తే, హైదరాబాదు హాస్టలుకు పంపడానికి జంకే తల్లిదండ్రులు ముందుకు వస్తారు. ఈ మేరకు వినతిపత్రం సిద్ధం చేస్తున్నాము, సంతకాలు కావాలి.

ఆ అమ్మాయి జర్మనీనే ఎంచుకున్నది. తండ్రి రెండు రోజులు మాట్లాడలేదు, మూడో నాడు ఆయనే వచ్చి భాషా తరగతులు ఎన్నడు మొదలవుతాయని అడిగాడు. ప్రస్తుతానికి మెమోలో పేరు దిద్దుబాటు దరఖాస్తు బోర్డులో ఉన్నది.