శిక్ష తీరినా తెరుచుకోని తలుపు

లైంగిక నేరానికి విధించిన శిక్షను పూర్తిగా అనుభవించిన వ్యక్తిని, మళ్లీ నేరం చేయగలడన్న అంచనాతో నిర్బంధించవచ్చునా? వచ్చునని అమెరికా సుప్రీంకోర్టు 1997లో కాన్సస్ రాష్ట్రానికి చెందిన హెండ్రిక్స్ కేసులో 5–4 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. అది శిక్ష కాదు, సివిల్ నిర్బంధమని ధర్మాసనం భావించింది.

చిక్కంతా ఆ అంచనాలోనే ఉన్నది. అక్కడ విరివిగా వాడే స్టాటిక్-99 పట్టికలో వయస్సు, పాత నేరాలు, బాధితులతో పరిచయం వంటి 10 అంశాలుంటాయి. మార్కులు కూడితే అటువంటి నేరస్థుల సమూహంలో ఎందరు మళ్లీ తప్పు చేయవచ్చునో తేలుతుంది. ఎదుటనున్న ఒక్క మనిషి ఏమి చేస్తాడో తేలదు. బీమా కంపెనీల లెక్క వంటిదే ఇదీ. బాధిత కుటుంబాల భయం మాత్రం లెక్కలకు అందేది కాదు, దానిని తేలికగా తీసివేయనూ రాదు.

మిన్నెసోటా రాష్ట్రంలో ఇరవై ఏళ్లు గడిచినా, 2015 నాటికి నిర్బంధంలోనున్న 700 మందికి పైగా వ్యక్తులలో ఒక్కరికీ సంపూర్ణ విముక్తి లభించలేదు. అది రాజ్యాంగ విరుద్ధమని ఆ ఏడాది ఒక ఫెడరల్ న్యాయమూర్తి తీర్పునివ్వగా, 2017లో అప్పీలు కోర్టు కొట్టివేసింది.

తమిళనాడు గూండా చట్టంలోకి 2014లో లైంగిక నేరస్థులనూ చేర్చారు. ఇక్కడ పట్టికలు లేవు. కలెక్టరో, పోలీసు కమిషనరో సంతృప్తి చెందితే విచారణ లేకుండానే నిర్బంధించవచ్చు. అయితే ఆ నిర్బంధానికి గరిష్ఠ గడువు 12 నెలలు. మిన్నెసోటాలో గడువే లేదు.