ఫార్వర్డులు కలిసి చదువుతాం, కితాబులు ఎందుకు చదవం?



దుగ్గిరాల దాటాక, తెనాలి రాకముందు కొలకలూరు. అక్కడ మా ఖాలా ఇల్లు. మొన్న వెళ్ళినప్పుడు మగ్రిబ్ నమాజ్ అయ్యాక అందరం చాప మీద కూర్చున్నాం. మనుషులం తొమ్మిది మందిమి, చేతుల్లో ఫోన్లు ఆరు. ఖాలా కొడుకు ఫోన్‌కి ఏదో ఫార్వర్డు వచ్చింది. గట్టిగా చదివాడు. ఏదో దేశంలో మనవాళ్ళని చంపేశారట, ఫొటో కూడా ఉంది. ఖాలా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "తౌబా, తౌబా" అన్నారు ఇంకొకరు.

నేను జర్నలిస్టుని కదా, ఫొటో చూడగానే అనుమానం వచ్చింది. వెతికితే పాతదే. దేశం కూడా అది కాదు. ఆ మాటే చెప్పాను.

"ఏ దేశమైతే ఏంది భాయ్, మనోళ్ళే కదా" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజమే, ప్రపంచంలో ముసల్మానులంతా మనవాళ్ళే. కానీ ఎప్పుడు? వాళ్ళు చచ్చిపోయినప్పుడు! బతికున్నప్పుడు వాళ్ళు ఏం తింటారో, ఆడపిల్లను ఎలా పెంచుతారో, అత్తాకోడళ్ళు దేనికి కొట్లాడుకుంటారో, ఏ మాటకి నవ్వుతారో మనకి ఖబర్ ఉందా? లేదు. మయ్యత్ వార్త తప్ప జిందగీ కబురు మన ఇళ్ళకి చేరడం లేదు. పైగా ఆ వార్త నిజమో అబద్ధమో కూడా చూసుకోం.

అందుకే ఈ రోజు సాఫ్‌గా చెప్తున్నా. నచ్చకపోతే తిట్టండి. మన ఇళ్ళలో పరాయి దేశాల కథల పుస్తకాలు చదవాలి. ఒక్కరే మూల కూర్చుని కాదు, ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్ళతో కలిసి, గట్టిగా చదవాలి.

ఈ మాట అనగానే మూడు బహానాలు తయారుగా ఉంటాయి. నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నవే.

మొదటిది దీన్ పేరుతో. "నావెల్సా? వక్త్ పాడు చేసుకోవడం కాకపోతే! గైరోళ్ళ కితాబులు చదివితే పిల్లలు చెడిపోతారు" అని ఒక పెద్దమనిషి నాతో మసీదు మెట్ల మీదే అన్నారు. జనాబ్, అదబ్‌తోనే అడుగుతాను. వహీలో మొదటి మాట ఏమిటి? ఇఖ్రా, చదువు అనే కదా? బగ్దాద్‌లో ఖలీఫా మామూన్ కాలంలో గ్రీకు కితాబులు తెప్పించి అరబీలోకి తర్జుమా చేయించారు. ఆ పనిలో అందరికన్నా పేరు మోసిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ ఎవరు? క్రైస్తవుడు. అరస్తూని చదివి ఇస్లాం పోలేదు సరే, ఇల్మ్ పెరిగింది. గైరోళ్ళ కితాబుకి భయపడిన ఉమ్మత్ కాదు మనది. ఆ భయం మధ్యలో పట్టుకున్నది.

బడిలో కరటక దమనకుల కథ చదివారా? 1853లో చిన్నయసూరి రాసిన నీతిచంద్రికలో ఉంది. ఆ రెండు నక్కలే ఆరో శతాబ్దంలో ఈరాన్ పోయి పహ్లవీ మాట్లాడాయి. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతిలో పడి అరబీలో 'కలీలా వ దిమ్నా' అయ్యాయి. తర్వాత ఫార్సీలో 'అన్వారె సుహైలీ' అయి, ఉర్దూకీ వచ్చాయి. నేను ఉర్దూ మీడియంలో ఉస్తాద్ నోట విన్న నక్కల్ని, డిగ్రీలో తెలుగు మాస్టారి నోట మళ్ళీ విన్నాను. వీటిలో ఏది మనది, ఏది గైర్? చెప్పండి చూద్దాం.

రెండో బహానా జబాన్. "మాకు ఉర్దూ చదవడం రాదు" అని కొందరు, "మా ఇంట్లో తెలుగు చదవరు" అని కొందరు. ఇందులో ఒక చేదు నిజం ఉంది, కప్పిపెట్టను. ఇంట్లో తెలుగే మాట్లాడే మన నూర్‌బాషా బంధువులని "మీకు ఉర్దూ రాదు, మీరేం ముసల్మానులు" అని ఎగతాళి చేసినవాళ్ళం మనమే. ఉర్దూ మీడియం వాణ్ణి కాబట్టి ఆ ఎగతాళి ఎన్నిసార్లు విన్నానో నాకు తెలుసు. చిన్నప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఖురాన్‌ని మొట్టమొదట తెలుగులో పెట్టినాయన పేరు చిలుకూరి నారాయణరావు. ఫార్సీ నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీలని 'పానశాల'గా రాసిన దువ్వూరి రామిరెడ్డి నెల్లూరు జిల్లా రైతు కవి. బెంగాలీ నేర్చుకుని శరత్‌ని తెలుగువాళ్ళ ఇంటి మనిషిని చేసిన చక్రపాణి మన తెనాలి ఆయనే. అదే తెనాలిలో హోటల్ పని చేసుకుంటూ తెలుగు నేర్చుకుని 'మంచీ చెడూ' లాంటి నవలలు రాసిన శారద అసలు పేరు నటరాజన్, తమిళుడు. 1955లో చిన్న వయసులోనే పోయాడు. టేబుళ్ళు తుడిచే కుర్రాడికి అడ్డం రాని జబాన్ మనకి అడ్డం వస్తుందా?

మొన్న 2025లో ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి ఎవరికొచ్చింది? కర్ణాటక హాసన్‌లో ఉండే బాను ముష్తాక్ గారికి. మనలాగే ఇంట్లో ఉర్దూ, రాసింది కన్నడం. ముస్లిం ఆడవాళ్ళ ఇళ్ళ సంగతులే రాశారు. దీపా భాస్తి ఇంగ్లీషులోకి తర్జుమా చేస్తే ప్రపంచమంతా చదివింది. మన కథని లండన్‌లో కూర్చుని చదివి బహుమతి ఇచ్చారు. మనం మాత్రం పక్క రాష్ట్రం కథ కూడా చదవం, పక్క దేశం కథ కూడా చదవం!

మూడో బహానా, పైసా లేదు, తీరిక లేదు. దీనికి జవాబు మన కాలవ గట్టు మీదే ఉంది. 1935లో దుగ్గిరాల దగ్గర పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం పెట్టారు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవ మీద పడవలో పుస్తకాలు తిరిగాయి. ప్రయాణం చేసేవాళ్ళు చదువుకున్నారు. ఇటు వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఇంకా ఉంది. కరెంటు లేని రోజుల్లో పుస్తకం పడవెక్కి మన దగ్గరికి వచ్చింది. ఈ రోజు అరచేతిలో డేటా పెట్టుకుని రీల్సు తోసుకుంటూ కూర్చుని "తీరిక లేదు" అంటే ఎవరు నమ్ముతారు? అల్లాహ్ నమ్ముతాడా?

సరే, వాదన చాలు. కొలకలూరులో ఆ ఫార్వర్డు తర్వాత ఏం జరిగిందో చెప్తా.

నా సంచీలో ఒక సన్నటి పుస్తకం ఉంది. చింగీజ్ ఐత్మాతోవ్ రాసిన 'తొలి ఉపాధ్యాయుడు'. కిర్గిజ్ దేశం ఆయనది. 1962 నాటి కథ. మాస్కో వాళ్ళు చౌకగా అచ్చేసి పంపిన తెలుగు పుస్తకాల కాలం గుర్తున్నవాళ్ళకి ఈ పేరు తెలిసే ఉంటుంది. మరుసటి రాత్రి ఇషా తర్వాత ఫోన్లన్నీ బియ్యం డబ్బా మీద పెట్టించి, పుస్తకం ఖాలా మనవరాలి చేతికిచ్చాను. ఇంటర్ అయిపోయిన పిల్ల. ఇంట్లో నికాహ్ మాటలు నడుస్తున్నాయి. తను తెలుగు చదువుతుంది, నేను ఖాలాకి మన ఇంటి ఉర్దూలో చెప్తాను. ఇదీ ఏర్పాటు.

కథ ఇది. కొండల్లో ముసల్మానుల పల్లె. దుయ్‌షేన్ అనే కుర్రాడు, తనకే సరిగా చదువు రాదు, పాడుబడ్డ గుర్రాల కొట్టంలో బడి పెడతాడు. చలికాలం గడ్డకట్టే వాగులో పిల్లల్ని భుజాల మీద మోసి దాటిస్తాడు. అల్తినాయ్ అనే యతీమ్ పిల్ల ఆ బడికొస్తుంది. ఆ పిల్లని పెంచుతున్న పిన్ని, పెళ్ళాం ఉన్నవాడికి రెండో పెళ్ళాంగా అమ్మేస్తుంది. అడ్డం పోయిన ఉస్తాద్‌ని చెయ్యి విరిగేలా కొడతారు. అయినా వదలడు. వెనక్కి తెచ్చుకుని తాష్కెంట్‌కి చదువుకి పంపుతాడు. ఆ పిల్ల పెద్ద ఆలిమా అవుతుంది, దేశమంతా గౌరవించే ప్రొఫెసర్ అన్నమాట. మరి ఉస్తాద్? ముసలితనంలో అదే ఊళ్ళో టపా పంచుతుంటాడు.

మొదటి రాత్రి ఆరుగురం. రెండో రాత్రి వెనక వీధి నూర్‌బాషా పిన్నమ్మ వచ్చింది. మూడో రాత్రి పక్కింటి టీచరమ్మ, చర్చికి వెళ్ళే ఆవిడ, తన కుర్చీ తనే తెచ్చుకుని వచ్చింది.

అల్తినాయ్‌ని అమ్మేసే చోటికి వచ్చేసరికి పిల్ల గొంతు ఆగిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. ఖాలానే అంది, "ఆ పిన్నిది తప్పు. కానీ దాని ఇంట్లో తిండి లేదు, అది కూడా చూడండి." నూర్‌బాషా పిన్నమ్మ ఊరుకోలేదు. "తిండి లేకపోతే పిల్లని అమ్ముతారా ఆపా? మా అమ్మ దూది ఏకి నలుగురిని సాకింది." టీచరమ్మ వాళ్ళ ఊళ్ళో పదిహేనేళ్ళకి పెళ్ళయిన ఒక పిల్ల సంగతి చెప్పింది. ఖాలా కొడుకు మాత్రం లేచి, "ఇది కమ్యూనిస్టుల పుస్తకం, లెనిన్ ఫొటో ఉంది ఇందులో" అన్నాడు. ఉంది, నిజమే. ఉంటే మాట్లాడుకుందాం. ఆ రాత్రి దాని మీదే అరగంట బహస్ అయింది. ఎవరి ఈమానూ పోలేదు.

నేను చెప్పేది ఇదే. కలిసి చదివితే అడగడానికి మనిషి ఉంటాడు, కాదనడానికి మనిషి ఉంటాడు. ఫార్వర్డు అలా కాదు. అది నిన్ను ఏడిపిస్తుంది, కోపం తెప్పిస్తుంది, ఇంకొకరికి పంపమంటుంది. అంతే. ప్రశ్న అడగనివ్వదు. పిల్లలు చెడిపోతారని భయపడాల్సింది ఏది చూసి? అందరి మధ్య చదివే కితాబునా, దుప్పట్లో దూరి ఒంటరిగా చూసే ఫోన్‌నా?

గజా కోసం మన ఇళ్ళలో దువా చేస్తాం, చేయాలి. కానీ ఘస్సాన్ కనఫానీ పేరు ఎన్ని ఇళ్ళలో తెలుసు? 1972లో బేరూత్‌లో కారు బాంబుతో చంపేసిన ఫలస్తీన్ రచయిత. 1963లో ఒక చిన్న నవల రాశాడు. కువైట్‌లో పని కోసం ముగ్గురు ఫలస్తీనీలు ఖాళీ నీళ్ళ ట్యాంకులో దాక్కుని సరిహద్దు దాటబోతారు. ఎండకి లోపలే ఊపిరాడక, గోడ కూడా తట్టకుండా చచ్చిపోతారు. వీసా, ఏజెంటు, అప్పు, కువైట్! ఈ మాటలు తెలియని మొహల్లా ఉందా మనకి? అది చదివితే ఫలస్తీనీ మనకి ఒక అంకె కాడు. పొట్ట చేతపట్టుకుని గల్ఫ్ పోయిన మన మామూలాంటివాడు.

కాబట్టి భాయియో, బెహనో, ఈ జుమేరాత్ నుంచే మొదలుపెట్టండి. ఇషా తర్వాత అరగంట. సన్నటి పుస్తకం ఒకటి, పరాయి దేశానిది. తెలుగు వచ్చినవాళ్ళు చదవండి, ఉర్దూ వచ్చినవాళ్ళు చెప్పండి. ఆడవాళ్ళు వంటింట్లో కాదు, అదే గదిలో కూర్చోవాలి. ముందు పిల్లలు మాట్లాడాలి, మగవాళ్ళు ఆఖర్న. పక్కింటివాళ్ళు ఎవరైనా సరే, పిలవండి. కొనలేకపోతే లైబ్రరీలో అడగండి, లేదంటే తిడతారు, తిట్టనివ్వండి, మళ్ళీ అడగండి.

ఐదు రాత్రుల్లో పుస్తకం అయిపోయింది. ఖాలా మనవరాలి నికాహ్ మాట ఆగిందా అంటే, ఆగలేదు. మన ఇళ్ళు అంత తేలిగ్గా మారవు. కానీ నేను తిరిగి వచ్చే రోజు పొద్దున్నే ఖాలా చాయ్ ఇస్తూ అడిగింది, "ఆ తెనాలి కాలేజీలో డిగ్రీకి ఆఖరి తారీఖు ఎప్పుడంటావ్ బేటా?"

తారీఖు కనుక్కుని చెప్పాను. తర్వాతి పుస్తకం కూడా అక్కడే వదిలి వచ్చాను.

ఖుదా హాఫిజ్.