లైసెన్సు ఇచ్చేముందు మమ్మల్ని అడిగారా?

1998 జనవరి మొదట్లో పత్రికల్లో ఒక వార్త వచ్చింది. పదమూడేళ్ల పిల్ల మీద అత్యాచారం జరిగింది. ఆ పిల్ల సహాయం కోసం కేకలు పెట్టింది. పక్కనే లౌడ్‌స్పీకర్లలో పాటలు హోరెత్తుతున్నాయి, ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రమే ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. ఈ వార్త కదిలించగా ఒక ఇంజనీరు సుప్రీంకోర్టుకి వెళ్లాడు. ఆ కేసులోనే 2005 జూలై 18న తీర్పు వచ్చింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదనీ, భావప్రకటనా స్వేచ్ఛ పేరుతో ఇష్టంలేని మనిషి చెవిలో మోత పోసే హక్కు ఎవరికీ లేదనీ కోర్టు చెప్పింది. ప్రశాంతంగా బతకడాన్ని రాజ్యాంగం 21వ అధికరణం కిందికి తెచ్చింది.

శబ్దకాలుష్యం అంటే పర్యావరణం వాళ్ల గొడవ అనో, పెద్ద కాలనీల్లో రిటైరైన వాళ్ల ఫిర్యాదు అనో మనం పక్కన పెడతాం. మన సంఘాల్లోనూ అంతే. ఆ తీర్పు వెనక ఒక ఆడపిల్ల కేక ఉందని మనలో ఎంతమందికి గుర్తుంది?

హైదరాబాదులో పబ్బుల మోత గురించి కోర్టుకెక్కింది జూబ్లీహిల్స్ కాలనీ వాసులు. 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు సింగిల్ జడ్జి రాత్రి 10 తర్వాత పబ్బుల్లో సంగీతం వినిపించవద్దని ఆదేశించారు. తర్వాత డివిజన్ బెంచి ఆ ఆంక్షను జూబ్లీహిల్స్‌లోని పది పబ్బులకి పరిమితం చేసింది. కోర్టు ఫీజులు, వకీళ్లు, తీరిక ఉన్నవాళ్లు కనీసం అంతదాకా వెళ్లగలిగారు. మరి ఆ కాలనీల వెనక బస్తీలో రేకుల ఇంట్లో ఉండే స్త్రీ సంగతి? మా సమావేశాలకి వచ్చే ఒకామె నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. "ఒంటిగంట దాకా గోడ గుండెలా కొట్టుకుంటదమ్మా, చంటిది ఉలిక్కిపడి లేస్తది" అంది. పిల్లని ఎత్తుకుని తిరిగేది ఆమే, పొద్దున టైముకి రాలేదని మాట పడేదీ ఆమే. నిద్రలేమికి కూలి కోత కూడా తోడవుతుంది.

2000 నాటి శబ్ద నియమాలు నివాస ప్రాంతంలో రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదంటాయి, వాణిజ్య ప్రాంతంలో 55. పదే కదా తేడా అనుకోవద్దు, డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్దశక్తి పదిరెట్లు. మెయిన్ రోడ్డు వైపు వాణిజ్యం, వెనక వైపు ఇళ్లు ఉన్నచోట ఏ హద్దు వర్తిస్తుందో చెప్పేవాళ్లే ఉండరు. పైగా మూసిన గదిలో, లోపలివాళ్ల కోసం మోగే సంగీతానికి రాత్రి నిషేధం నుంచి మినహాయింపు ఉంది. పబ్బులవాళ్లు పట్టుకునేది దాన్నే. తలుపులు మూసినంత మాత్రాన డ్రమ్ముల దరువు ఆగుతుందా? ఆ మందర శబ్దం గోడల్లోంచి వస్తుంది. సాధారణంగా వాడే డెసిబెల్ కొలత దాన్ని తక్కువగా లెక్కకడుతుంది. మీటరు బాగానే ఉందంటుంది, అలమరలో గిన్నెలు మాత్రం అదురుతుంటాయి.

అయినా అర్ధరాత్రి ఫోను చేసి పోలీసుని పిలిచే దాకా మనం ఎందుకు ఆగాలి? బారు లైసెన్సు ఎక్సైజు శాఖది, వినోదానికి అనుమతి పోలీసులది, ట్రేడ్ లైసెన్సు మునిసిపాలిటీది. అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెబుతారు. ఫైలు మీద ఇన్ని సంతకాలు పడతాయి గానీ ఆ గోడకి ఇవతల పడుకునే మనిషిని పిలిచి అడిగే ఘట్టం మాత్రం కనపడదు. 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు సారా కొట్టు తెరిచాక ఫిర్యాదు రాస్తూ కూర్చోలేదు. వేలంపాటల దగ్గరికే వెళ్లి అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మద్యం అమ్మకాన్ని నియంత్రించే అధికారం గ్రామసభకీ పంచాయతీకీ ఉండాలంది. ఏజెన్సీ గ్రామానికి కాగితం మీదైనా ఉన్న ఆ మాట నగరంలో వార్డుకి ఎందుకు లేదు?

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది పబ్బుకి వెళ్లే ఆడవాళ్ల మీద ఫిర్యాదుగా మారడానికి ఎంతోసేపు పట్టదు. 2009 జనవరిలో మంగుళూరు పబ్బులో అమ్మాయిలను వెంటాడి కొట్టినవాళ్లు సంస్కృతి పేరే చెప్పారు. ముంబయిలో 2005లో డాన్సుబార్లు మూయించినప్పుడు వీధిన పడింది యజమానులు కాదు, నాట్యం చేసి ఇంటిని పోషించే స్త్రీలు. కాలనీ సంఘం మనని కలుపుకుపోవాలని వచ్చినప్పుడు వాళ్ల కరపత్రంలో "మన ఆడపిల్లలు పాడైపోతున్నారు" అన్న వాక్యం ఉంటే, దాన్ని కొట్టేసేదాకా సంతకం పెట్టకూడదని నా అభిప్రాయం. రాత్రిపూట బయట తిరిగే హక్కు కోసం మనమే ఊరేగింపులు తీశాం. మన అభ్యంతరం మోత మీద, వేళ మీద, చోటు మీద.

కాబట్టి వీధిలో కొత్త పబ్బు బోర్డు కనపడగానే సమాచార హక్కు చట్టం కింద మూడు కార్యాలయాలకీ దరఖాస్తు పెడదాం. ఏ ప్రాంతంగా లెక్కవేశారు, గోడలకి శబ్దం ఆపే ఏర్పాటు ఎవరు తనిఖీ చేశారు, ఎన్నింటిదాకా అనుమతి అని అడుగుదాం. రాత్రి నియమాల ఉల్లంఘన మీద ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చని 7వ నియమం చెబుతోంది, దానికి వకీలు అక్కర్లేదు. బస్తీ స్త్రీలతో రాయిద్దాం, తేదీ, టైము వేయిద్దాం. లోపల గ్లాసులు కడిగే, బల్లలు తుడిచే స్త్రీలని కూడా కలుద్దాం. ఆ హోరులో వాళ్లు రాత్రికి ఎన్ని గంటలు నిలబడుతున్నారో, మూసేశాక ఇంటికి ఏ బండిలో వెళుతున్నారో మన అర్జీలో చేరాలి.